విమానమునకు నొక కొలత, బాటకు నొక కొలత

ఆరాంఘరు దాటి బెంగుళూరు బాటను దక్షిణముగా పోవువారికి గగన్‌పహాడ్, సాతంరాయి గడచిన పిమ్మట శంషాబాదు తగులును. ఒక తరము క్రిందట నిది నగరమునకు దూరముగా నుండిన చిన్న యూరు. 2008వ సంవత్సరము మార్చి మాసమున బేగంపేట నుండి ప్రయాణికుల విమానములన్నియు నిచ్చటికి మరలింపబడినవి. సుమారు ఐదున్నరవేల యెకరముల నేల విమానాశ్రయము క్రిందికి పోయినది. మరుసటి యేడు మెహదీపట్నము నుండి ఆరాంఘరు వరకు స్తంభములపై పదునొకండు కిలోమీటర్లకు మించిన వంతెన బాట వెలసినది. అటుపిమ్మట నగరము చుట్టును 158 కిలోమీటర్ల వలయ రహదారి యేర్పడి, శంషాబాదు వద్ద పాత బాటను కలసినది. విమానము దిగినవారు గంటలోపల కార్యాలయములకు చేరుచున్నారు. ఇది గొప్ప సౌకర్యమే. దీనిని మేము కాదనము.

కాని యీ బాటల వెంబడి నివసించువారి సంగతి వేరు. ఇల్లొక వైపునను, పని యొక వైపునను గలవారు దినమునకు రెండు మారులు వాహన ప్రవాహమును దాటవలసియున్నది. విమానాశ్రయమున సామాను మోయువారు, తుడుచువారు, కాపలా కాయువారు, అర్ధరాత్రమున విధి ముగించుకొని మోటారు సైకిళ్లపై మరలుచున్నారు. టాక్సీ నడుపువారు నిద్ర లేని కన్నులతో మూడవ బేరమునకు బోవుచున్నారు. పెండ్లి మంటపములకు ఊరిజనము డి.సి.యం. బండ్లపై నిలువబడి వచ్చుచున్నారు. ప్రమాదము జరిగినప్పుడు దెబ్బ తగులునది సామాన్యముగా నిట్టివారికే.

చనిపోయినవారి సంఖ్య పత్రికలలో పెద్ద యక్షరములతో పడును. 2013 అక్టోబరు 30వ తేదీన బెంగుళూరు నుండి హైదరాబాదు వచ్చు బస్సు పాలెము వద్ద దగ్ధమై 45 మంది మరణించిరి. 2025 నవంబరు 3వ తేదీన మన రంగారెడ్డి జిల్లా యందే చేవెళ్ల చెంత మీర్జాగూడ కడ, కంకర లారీ బస్సును ఢీకొని 19 మంది మరణించిరి. ఈ సంఖ్యలు పలువురి జ్ఞాపకమున నున్నవి. ఆ బండ్లలోనే యుండి కాలో, చేయో, వెన్నెముకయో పోగొట్టుకొని యిల్లు చేరినవారిని మరునాటికి మరచుట మన యలవాటైనది. కేంద్ర ప్రభుత్వము వారి లెక్క ప్రకారము 2022లో దేశమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరి. 4,43,366 మంది గాయపడిరి. మోకాలు గీచుకొన్నవాడును, జన్మాంతము మంచము పట్టినవాడును ఆ రెండవ సంఖ్యలో నొక్కటిగా నిమిడియున్నారు. చనిపోయినవాని కుటుంబము ఒక సంపాదనను గోల్పోవును. అవిటివాడైనవాని కుటుంబము ఆ సంపాదనను గోల్పోవుటయే గాక, అతనిని కనిపెట్టుకొనియుండు భార్య సంపాదననో తల్లి సంపాదననో కూడ గోల్పోవును. మేము నేడు వ్రాయదలచినది వీరిని గూర్చియే.

ఒక విచిత్రమును పాఠకులు గమనింతురుగాక. అంతర్జాతీయ విమానమున వచ్చిన ప్రయాణికుడు శంషాబాదులో దిగుచుండగా ప్రమాదమున అతని కాలు పోయినదనుకొందము. 1999 నాటి మాంట్రియలు ఒడంబడికలో మన దేశము 2009లో చేరినది. దాని ప్రకారము ఒక నిర్ణీత మొత్తము వరకు విమాన కంపెనీ తప్పు చేసినదా లేదా యన్న ప్రశ్నయే లేదు; అతనికి గలిగిన నష్టమును రుజువు చేసికొన్నచో చాలును. ఆ మొత్తమును అంతర్జాతీయ ద్రవ్యనిధి వారి లెక్కనాణెములలో నిర్ణయించినారు. మొదట 1,00,000, ఐదేండ్ల కొకమారు ధరలను బట్టి సవరింపవలెనని ఒడంబడికలోనే యున్నందున 2009లో 1,13,100, 2019లో 1,28,821, 2024 డిసెంబరు 28 నుండి 1,51,880. మన రూపాయలలో నిది కోటికి మించును. దావా వేయుటకు రెండేండ్ల గడువు గలదు.

అదే ప్రయాణికుని పెట్టె మోసిన కూలివాడు, ఆ రాత్రియే గేటు బయట బాటపై కారు తగిలి కాలు పోగొట్టుకొన్నాడనుకొందము. తప్పెవరిదను ప్రశ్న లేక మోటారు వాహనముల చట్టము 164వ సెక్షను అతనికిచ్చునది రెండున్నర లక్షల రూపాయలు. ఈ సంఖ్యకు ధరలతో పాటు పెరుగు నేర్పాటు ఆ సెక్షనులో లేదు. అంతకు మించి కావలెనన్న డ్రైవరు తప్పును రుజువు చేయవలెను. అందుకు 2019 నాటి సవరణ చట్టము విధించిన గడువు ఆరు మాసములు. ఒకే ద్వారమున కిటునటు పోయిన రెండు కాళ్లకు ఇంత తారతమ్యము ఏ ధర్మమున నున్నదో మాకు బోధపడుట లేదు. గాలిలో ప్రయాణించువాని కిచ్చినది యెక్కువ యని మే మనుట లేదు. నేలపై నడచువాని కిచ్చునది తక్కువ యని యనుచున్నాము.

తప్పు రుజువైనచో మన చట్టము పిసినిగొట్టుది కాదని కూడ చెప్పవలసియున్నది. పరిహారమునకు గరిష్ఠ పరిమితి లేదు. న్యాయమైనంత యిప్పించవలెననియే 168వ సెక్షను చెప్పుచున్నది. కక్షిదారుడు అడిగినదానికంటె హెచ్చుగా కూడ ట్రిబ్యునలు ఇప్పింపవచ్చునని సర్వోన్నత న్యాయస్థానము 2002లోనే తేల్చినది. అయితే అవయవము పోయినవానికి నష్టమెంతయని లెక్కించు విధానమందే చిక్కు గలదు. సామాన్యజనులు డాక్టరు సర్టిఫికేటుపై నూటికింత యని వ్రాసినది చూచి, పరిహారమును ఆ పాలుననే వచ్చునని తలంతురు. ఇది పొరపాటు.

2010 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము రాజ్‌కుమార్ వ్యాజ్యమున నీ విషయమును విడమరచి చెప్పినది. అవయవమునకు గలిగిన వైకల్యము వేరు, దానివలన సంపాదనశక్తికి గలిగిన లోటు వేరు. ఎడమచేయి తీసివేయబడినచో డాక్టరు నూటికి 60 అని వ్రాయవచ్చును. ఆ మనుష్యుడు డ్రైవరో వడ్రంగియో యైనచో సంపాదన ఇంచుమించు నూటికి నూరును పోయినట్లే. సర్కారు గుమాస్తా యైనచో ఉద్యోగము నిలిచియుండవచ్చును; అప్పుడు సంపాదన నష్టము స్వల్పము, బాధకును జీవితసౌఖ్య నష్టమునకును విడిగా నీయవలెను. కనుక న్యాయాధిపతి మొదట నడుగవలసినది ‘ఇతడేమి పని చేయువాడు, ఇప్పుడేమి చేయగలడు’ అని. ఈ సూత్రము రెండు వైపులకును వర్తించును. ఆ వ్యాజ్యముననే కాలికి నూటికి 45 వైకల్యమని సర్టిఫికేటు చెప్పగా, సంపాదన నష్టమును 20 గానే నిర్ణయించిరి.

ఈ ధర్మము క్రొత్తది కాదు. 1975 డిసెంబరులోనే, మోచేతికి పైన ఎడమచేయి పోయిన యొక వడ్రంగి విషయమున, ఒంటిచేతితో వడ్రంగము సాగదు గనుక అది సంపూర్ణ వైకల్యమేయని సర్వోన్నత న్యాయస్థానము అంగీకరించినది. అది కార్మిక పరిహార చట్టమునకు సంబంధించిన వ్యాజ్యము. పట్టికలోని పాళ్లను పట్టుకొని యజమాని వాదించెను, వాదము నిలువలేదు.

లెక్కలు చూపినగాని విషయము తేటపడదు. ముప్పది రెండేండ్ల హమాలీ నెలకు 15,000 రూపాయలు గడించువాడు తొడ వరకు కాలు పోగొట్టుకొన్నాడని యూహింతము. ఏటికి 1,80,000. నలువది యేండ్ల లోపువాడు, నిలకడ యుద్యోగము లేనివాడు గనుక ముందు కాలపు వృద్ధికి నూటికి 40 కలుపవలెనని 2017 అక్టోబరు 31 నాటి రాజ్యాంగ ధర్మాసనపు తీర్పు, 2,52,000 అగును. ఆ వయస్సునకు గుణకము 16 అని 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక. మొత్తము 40,32,000. సర్టిఫికేటుపై నూటికి 60 అని యున్నది గనుక అంతే యిత్తుమన్నచో 24,19,200. బస్తాలు మోయుటకు కాలు లేనివాడు పనికిరాడని గ్రహించినచో మొత్తమంతయు రావలెను. ఒక్క ప్రశ్న సరిగా నడుగనందున పోవునది పదునారు లక్షల పండ్రెండువేల యెనిమిదివందల రూపాయలు! దీనిపై వైద్య వ్యయము, మంచమున నున్న మాసముల కూలి, పరిచారకుని జీతము, కృత్రిమ పాదము ఖర్చు వేరుగా రావలసియున్నవి. కృత్రిమ పాదము జన్మాంతము మన్నునది కాదని, ఐదారేండ్ల కొకటి మార్చవలసియుండునని 2022 డిసెంబరులో న్యాయస్థానము గుర్తించినది. ఇవి యన్నియు నడిగినవారికే వచ్చును.

ఈ గుణకముల చరిత్రలో తెలుగునాటికి కొంత పాలు గలదు. సరళా వర్మ తీర్పునకు ఇరువదేండ్లకు పైబడి ముందే, 1987లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తి జగన్నాథరావు గారు భగవాన్‌దాసు వ్యాజ్యమున వయస్సులకు తగిన గుణకముల పట్టికను గూర్చిరి. ఇంటి పని చేయు స్త్రీ శ్రమకు వెల గట్టుటను గూర్చి 2021 జనవరిలో న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు ప్రత్యేకముగా వ్రాసిన యభిప్రాయమును ప్రతి ట్రిబ్యునలునందును చదువదగినది. ఆ వ్యాజ్యము మరణమును గూర్చినదైనను, కాలు పోయిన గృహిణికి నీతి మారదు. నీళ్లు మోసి, వండి, పిల్లలను పెంచి, ముసలివారిని చూచుకొను స్త్రీ ‘ఏమియు సంపాదించుట లేదు’ అని కాగితముపై వ్రాయుట మన సమాజపు కృతఘ్నత.

ఇక 2019 నాటి సవరణను గూర్చి. 1956లో ఈ ట్రిబ్యునళ్లు చట్టమున కెక్కినప్పుడు దావాకు గడువు అరువది దినములు. తరువాత నది ఆరు మాసములైనది. 1988 చట్టములోను ఆరు మాసములే యుండినను, తగిన కారణము చూపినచో మరికొంత కాలము మన్నించు నధికార ముండెను. 1994లో పార్లమెంటు గడువునే తీసివేసినది. మంచము పట్టినవాడు, చదువురానివాడు, వకీలు నెరుగనివాడు ఆలస్యముగా వచ్చుట సహజమని యెరిగి చేసిన పని యది. ఇరువదియైదేండ్లు నడచిన యా యుదారతను 2019లో వెనుకకు తీసికొనిరి. 2022 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన 166వ సెక్షను మూడవ ఉపభాగము ఆరు మాసములు దాటినచో దావాను స్వీకరింపరాదనుచున్నది. మన్నించు నధికారము నీయలేదు.

శాశ్వత వైకల్యమునకు ఈ గడువు ఎంత యసంగతమో తొడయెముక విరిగినవాని నడిగిన చెప్పును. కడ్డీ వేయుదురు, ఎముక అతుకనిచో తీసి మరల వేయుదురు, చీము పట్టును, తుదకు కాలు తీయుదురు. గాయము స్థిరపడినగాని వైకల్యము శాశ్వతమని ఏ డాక్టరును వ్రాయడు. అట్లు వ్రాయునప్పటికి ఆరు మాసములు గడచియే యుండవచ్చును! ఈ నిబంధన చెల్లదని సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యములు పడినవి. గడువు దాటినదను కారణమున దావాలను కొట్టివేయవలదని 2025 నవంబరులో ఆ న్యాయస్థానము మధ్యంతరముగా నాదేశించినది. మధ్యంతరపు నీడ తుది తీర్పు వరకే. కావున గాయపడినవారు సర్టిఫికేటు కొరకు కనిపెట్టుకొని యుండక ముందు దావా వేసికొనవలెను. సర్టిఫికేటు పిమ్మట దాఖలు చేసికొనవచ్చును.

అదే సవరణలో మరియొక ముల్లు గలదు. 164వ సెక్షను క్రింద రెండున్నర లక్షలను ఇన్సూరెన్సు కంపెనీ వారి పరిష్కార విధానమున స్వీకరించినవాని దావా ట్రిబ్యునలు ముందు రద్దయిపోవును. ఆసుపత్రి బాకీలతో నున్న ఇంటికి రొక్కము వచ్చినచో ఎవడు కాదనును? నలువది లక్షల హక్కును రెండున్నర లక్షలకు విడిచితినని ఆ వ్రేలిముద్ర వేసినవానికి తెలియదు. పైగా 2018 మే నెలలో సవరించిన పాత పట్టిక ప్రకారము తప్పు విచారణ లేకయే ఐదు లక్షలపై వైకల్యపు పాళ్లు గట్టి యిచ్చుచుండిరి. సంపూర్ణ వికలాంగునికి ఐదు లక్షలును వచ్చెడివి. క్రొత్త సెక్షను మరణమునకు ఐదు లక్షలుంచి, తీవ్ర గాయమన్నదాని నెల్ల రెండున్నర లక్షలకు గట్టివేసినది. కాలివ్రేలి యెముక విరిగినవానికిని, రెండు కాళ్లు పోయినవానికిని ఒకటే వెల. ప్రజాప్రతినిధులు దీనిని చదివియే చేతులెత్తిరా యను సందేహము మాకు గలుగుచున్నది.

సవరణలో మంచి లేకపోలేదు. ప్రమాదమును గూర్చి పోలీసువారు 48 గంటలలో మొదటి నివేదికను, 90 దినములలో సవిస్తర నివేదికను ట్రిబ్యునలునకు పంపవలెనని 2022 నియమములు. ఆ నివేదికనే దావాగా స్వీకరింపవలెనని 166వ సెక్షను. ఇది సక్రమముగా జరిగినచో మంచమున నున్నవాడు కోర్టు గుమ్మము వెదకుకొనవలసిన పని లేదు, గడువు భయమును లేదు. 2022 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము దీని యమలుకై రాష్ట్రములకు ఆదేశములిచ్చినది. 2025 మే నుండి ప్రమాదమున గాయపడినవానికి ఏడు దినములు, లక్షన్నర రూపాయల వరకు రొక్కము చెల్లింపకయే చికిత్స చేయు పథకము గూడ వచ్చినది. కాని గుద్ది పారిపోయిన బండి జాడ తెలియనిచో తీవ్ర గాయమున కిచ్చునది నేటికిని ఏబదివేలు మాత్రమే. అర్ధరాత్రమున వలయ రహదారి ప్రక్కబాటలో పడిపోయినవాడు బండి నంబరు చదివి మూర్ఛపోవలెనా?

మా వృత్తివారిని గూర్చియు నొక మాట. వచ్చినదానిలో నింత పాలు నాకని ముందుగా వ్రాయించుకొనుట బారు కౌన్సిలు నియమములకు విరుద్ధము. అయినను ఆసుపత్రి వాకిళ్ల దళారులను నిలిపి, స్పృహ లేనివాని బంధువులచే వకాలతులపై సంతకములు చేయించుకొనువారు లేరని మేము ప్రమాణము చేయజాలము. విచారణ దినమున డాక్టరును బోను ఎక్కింపక సర్టిఫికేటు కాగితమొకటి పడవేసి యూరకుండు వకీలు, దళారి కంటె నెక్కువ హాని చేయుచున్నాడు. ‘ఈ నలువది పాళ్లు కాలికా, శరీరమున కంతటికినా? ఇతడు కూర్చుండి చేయు పని చేయలేడా?’ యని కంపెనీ వకీలు అడుగును. సమాధానము చెప్పువాడు లేనిచో న్యాయాధిపతి యేమి చేయగలడు?

వచ్చిన సొమ్ము నిలుచుటయు ముఖ్యము. నిరక్షరాస్యుల మొత్తములను బ్యాంకులో నిలువయుంచి వడ్డీ నెలనెల యిప్పింపవలెనని న్యాయస్థానములు చెప్పుచున్నవి. బంధువులు వచ్చి, పెండ్లికనియు స్థలము కొనుటకనియు ఆ నిలువలు విడిపించుట మేమెరుగుదుము. అవసరమున్నచోట విడిపింపవలసినదే, కాని అవిటివాని ముందర కూర్చుండబెట్టి యడిగి విడిపింపవలెను.

పార్లమెంటు వారిని మేము కోరునది: ఆరు మాసముల గడువును తీసివేయుడు, లేదా శాశ్వత వైకల్యము నిర్ణయమైన దినము నుండి లెక్కింపుడు. 164వ సెక్షను మొత్తమును వైకల్యమును బట్టి హెచ్చించి, విమానపు ఒడంబడికలో వలె ఐదేండ్ల కొకమారు ధరలతో సవరింపుడు. దానిని స్వీకరించినంతనే దావా రద్దగునన్న నిబంధనను కొట్టివేసి, ఆ సొమ్మును తుది పరిహారమున తగ్గించుకొనుట చాలునని వ్రాయుడు. రాష్ట్ర ప్రభుత్వము వారు 90 దినముల నివేదికలు ఏ ఠాణా నుండి ఎన్ని పోయినవో మాసమున కొకమారు ప్రకటింపవలెను.

ఇవి జరుగువరకు శంషాబాదు, పాలమాకుల, కొత్తూరు ప్రాంతముల పఠనమందిరముల వారు చేయదగిన పని యొకటి గలదు. ప్రమాదమున గాయపడినవాని యిల్లు తెలిసినచో వారములోపల ఒకరు పోయి, ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆసుపత్రి చీటీలు, మందుల రసీదులు, ప్రమాదమునకు ముందు వాడేమి పని చేసి యేమి గడించినదియు తెలుపు కూలి చీటీయో మేస్త్రీ వాఙ్మూలమో ఒక సంచిలో నుంచవలెను. ఏ కాగితముపైనను చదివి వినిపించినగాని వ్రేలిముద్ర వేయవలదని చెప్పవలెను. ప్రమాదము జరిగిన తేదీని, దానికి ఆరవ మాసము నిండు తేదీని గోడమీద బొగ్గుతో వ్రాసి రావలెను. జిల్లా న్యాయసేవా సంస్థ వారు పేదలకు ఉచితముగా వకీలును నియమింతురు. ఆ దరఖాస్తు నమూనాలను మా కార్యాలయమునకు వచ్చిన వాలంటీర్లకు ఇత్తుము.